గోడలో సగం బండి

మైలవరం వెళ్లే దారిలో కొత్తగా వెలిసిన ఒక బిర్యానీ హోటల్లో, గోడని చీల్చుకుని బయటికి దూసుకొస్తున్నట్టు ఒక పాత మోటార్ సైకిల్ ఉంటుంది. ఉన్నది ముందు సగమే. దాని కింద ఒక బోర్డు పెట్టారు. ఇది ఒకప్పటి జమీందారుగారి బండి అని, తుక్కుగా మూలన పడి ఉంటే హోటల్ వారు ప్రాణం పోశారని ఆ బోర్డులో ఉంటుంది. జనం దాని పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. అందులో ఒక్క మాటా నిజం కాదు. ఆ బండి మా నాన్నది. ఆయన జమీందారు కాదు, కాస్త మామిడితోట, కాస్త వరి పొలం ఉన్న రైతు. అది తుక్కూ కాదు, కోసేనాటికి చక్కగా నడుస్తున్న బండి. ఆ బోర్డుని రోజూ ఎంతోమంది చదువుతున్నారు. నేను రాయకపోతే అదే నిజమైపోతుంది. అందుకే రాస్తున్నాను.

ఆడమనిషికి మోటార్ సైకిల్ గొడవేంటని మీరు అడగొచ్చు. నా చదువు పదో తరగతితో ఆగింది. పెళ్లయి నూజివీడు వచ్చాక, పిల్లల్ని బడికి పంపిన తర్వాత దొరికే వేళల్లో శాఖా గ్రంథాలయానికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో లైబ్రేరియన్ గారు నాకు వంటల పుస్తకాలు చూపించేవారు. వంట నాకు వచ్చునండీ, రానివి ఇవ్వండి అన్నాను. చివరి బీరువాలో ఎవరో రిటైరైన ఇంజినీరు ఇచ్చి వెళ్లిన ఇంగ్లీషు పుస్తకాలు ఉన్నాయి. తీసేవాళ్లు లేక పేజీలు అంటుకుపోయాయి. వాటిలో ఒకటి పాత కార్లు, మోటార్ సైకిళ్ల ఆకారాల గురించి. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేరా కూడబలుక్కుంటూ ఆ పుస్తకం మొత్తం చదివాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

తొలినాటి కార్లు గుర్రం లేని బగ్గీల్లా ఎందుకున్నాయో అందులో తెలిసింది. గుర్రం పోయినా చేసేవాళ్ల చేతులకి బగ్గీయే అలవాటు మరి. ఆ తర్వాత విమానాలొచ్చాయి. జనం ఆకాశం వంక చూడడం మొదలెట్టగానే నేలమీద బండ్లన్నీ నీటిచుక్క ఆకారంలోకి మారిపోయాయి. అంత వేగంగా పోయే అవసరం లేని బండి కూడా నిలబడి ఉన్నప్పుడే కదులుతున్నట్టు కనిపించాలన్నది వాళ్ల కోరిక. పెన్సిల్‌తో ఒక మనిషి గీసిన గీత రేకులోకి ఎలా వస్తుందో చదివాక, మా తోటలో మోటారు షెడ్డు మూలన నాన్న వదిలిపోయిన బండి గుర్తొచ్చింది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా దాన్ని చూస్తూనే ఉన్నాను. అది ఎలా ఉంటుందో మాత్రం ఆ రోజే మొదటిసారి ఆలోచించాను.

మెరూన్ రంగు. ట్యాంకు ఇరువైపులా నికెల్ మెరుపు, అంచున బంగారు గీత. ఆ గీత స్టిక్కరు కాదు, కుంచెతో చేత్తో లాగింది. దగ్గర్నుంచి చూస్తే ఒకచోట సన్నగా, ఒకచోట కాస్త లావుగా ఉంటుంది. మోకాళ్లు ఆనే చోట రబ్బరు మెత్తలు. వాటి పక్కన నాన్న పంచె రాసుకుని రాసుకుని రంగు పలచబడి లోపలి పూత కనిపించేది. హెడ్‌లైటు, స్పీడు చూపే ముల్లు, తాళం, మూడూ ఒకే డిప్పలో ఉంటాయి. తాళంచెవికి పళ్లుండవు, చిన్న మేకులా ఉంటుంది. కిక్ కొట్టిన కడ్డీయే స్టార్టయ్యాక గేరు కడ్డీ అవుతుంది. చెయిను బయటికి కనిపించదు. ఇంజను కోడిగుడ్డంత నున్నగా ఉంటుంది. ఇప్పటి బండ్లు చూడండి, ఎవరి మీదో కోపంతో మొహం ముడుచుకున్నట్టుంటాయి. అది అలా కాదు. ఎదురొచ్చిన మనిషిని పలకరించడానికి ఆగినట్టు ఉండేది.

నాన్న విస్సన్నపేట సంతకి దాని మీదే వెళ్లేవారు. చిన్నప్పుడు నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవారు. తమ్ముడు పుట్టి కాస్త పెద్దయ్యాక ఆ చోటు వాడిదైంది, నేను వెనక సీటుకి మారాను. నాకు అదేమీ బాధ కాదు. వెనక సీటుకి పట్టుకోవడానికి పట్టీ ఉండేది, నాన్న వీపు ఉండేది.

నాన్న పోయాక తోట తమ్ముడు చూసుకుంటున్నాడు. బండి బాగుచేద్దామని నేనంటే మొదట నవ్వాడు, తర్వాత వాడే చొక్కా విప్పి దిగాడు. ట్యాంకు లోపల తుప్పు వదలడానికి గులకరాళ్లు, కిరసనాయిలు పోసి, మూత బిగించి, దుప్పట్లో చుట్టి, చెరో కొస పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపాం.

"అక్కా, చిన్నప్పుడు మనల్ని కూడా ఇలాగే ఊపారంటావా?"

"నిన్నే ఊపారు. అందుకే ఇప్పటికీ నీ బుర్రలో రాళ్ల చప్పుడు."

రంగు వేయించేద్దామన్నాడు. నేను వద్దన్నాను. కొత్త రంగు ఎప్పుడైనా వేయొచ్చు, మొదటి రంగు పోతే మళ్లీ రాదని, నాన్న మోకాలి అరుగుదల ఏ పెయింటరూ వేయలేడని చెప్పాను. "సరేలే పంతులమ్మా, నువ్వు చెప్పినట్టే" అన్నాడు. బస్టాండు దగ్గర మిస్త్రీ ఇంజను విప్పి కట్టాడు. ఒకరోజు పొద్దున నీలం పొగ కక్కుతూ బండి అందుకుంది. తమ్ముడు వెనక నుంచి తోస్తుంటే, యాభై దాటిన నేను తోటలో చెట్ల మధ్య దారిన దాన్ని నడపడం నేర్చుకున్నాను. పాదులు చేస్తున్న ఆడవాళ్లు పనాపి మరీ చూసేవాళ్లు.

"అమ్మగారూ, బ్రేకు ఎక్కడుందో ఆ పుస్తకంలో రాయలేదా ఏంటి?" అని ఒకావిడ.

"రాశార్లేవే, ఆ పేజీ చిరిగుంటుంది" అని ఇంకొకావిడ.

పడితే లేపింది కూడా వాళ్లే.

హోటలాయన వచ్చింది ఆ తర్వాతి పూత కాలంలో. తమ్ముడే తీసుకొచ్చాడు. మనిషి మర్యాదస్తుడు, విజయవాడ వైపు నుంచి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, "ఇందులో అంత ప్రత్యేకత ఏంటి మేడమ్, కాస్త చెప్పండి" అని అడిగాడు. అలా అడిగేవాళ్ల కోసమే కదా నేను అన్నేళ్లు చదువుకుంది. చెప్పాను. కన్ను హెడ్‌లైటు దగ్గర మొదలై, ఆ డిప్ప మీదుగా ట్యాంకు మీదికి జారి ఎలా పరుగెడుతుందో వేలితో గాలిలో గీసి చూపించాను. ముందు చక్రం మీది మడ్‌గార్డు అంచు చూడమన్నాను.

"అంటే అందమంతా ముందు సగంలోనే ఉందంటారు" అన్నాడాయన.

"చాలా మటుకు అంతేనండీ" అన్నాను.

ఆయన ఫోను తీసి ముందు వైపు నుంచి ఫొటోలు తీసుకున్నాడు. తమ్ముడు గోళ్లలో ఎండిన మామిడి బంక గీక్కుంటూ నిలబడ్డాడు. ఆ గీకుడు నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

ఆయన వెళ్లాక తమ్ముడు అసలు సంగతి చెప్పాడు. కొత్త హోటల్లో బండిని అలంకారానికి పెట్టుకుంటారట.

"ఒక్క కాపుకి ఇద్దాం అక్కా. ఈ పూత నుంచి చివరి కాయ దాకా. చెట్టు మనదే."

ఈ మాట మా ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. బయటివాళ్లకి చెప్పాలి. ఇక్కడ చాలామంది రైతులు తోట పూత మీద ఉండగానే ఆ ఏటి కాపుని వ్యాపారికి అమ్మేస్తారు. ఆ రోజు నుంచి తోటలో వ్యాపారి గుడిసె వేసుకుని కాపలా పెడతాడు. సొంత తోటలో పప్పులోకి ఒక్క కాయ కావాలన్నా యజమాని ఆ కాపలా మనిషిని అడగాల్సిందే. అదే సమయంలో వ్యాపారి కాయ మాత్రమే కోయాలి, కొమ్మ మీద కత్తి పడకూడదు. కాపు అయిపోగానే గుడిసె పీక్కుని వెళ్లిపోతాడు. చాలావరకు నోటిమాటే. నేను పుట్టి పెరిగింది ఆ నోటిమాటల మధ్యే. కాబట్టి "ఒక్క కాపు, చెట్టు మనదే" అన్నాక నేను ఇంకేమీ అడగలేదు. బండి ఎలా వెళ్లిందో అలాగే వస్తుందనుకున్నాను. అది తెలిసే తమ్ముడు ఆ మాట ఎంచుకున్నాడు.

హోటల్ తెరిచేసరికి కోతలు మొదలయ్యాయి. మంచి చీర కట్టుకుని వెళ్లాను. మరదలికి ఒంట్లో బాగాలేదని తమ్ముడు రాలేదు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడలోంచి మా బండి. దీపాలు వేశారు, ట్యాంకు మెరుస్తోంది. నిజం చెప్పాలంటే మొదటి క్షణం నా గుండె పొంగింది. గోడని తొలిచి ఇటు సగం, అటు సగం నిలబెట్టారనుకున్నాను. మంచి ఆలోచనే అనుకున్నాను కూడా. వెనక భాగం చూద్దామని గోడ చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్లాను.

అక్కడ చేతులు కడుక్కునే సింకులు వరసగా ఉన్నాయి. పైన అద్దం. అద్దంలో మంచి చీర కట్టుకున్న నేను.

హోటలాయన నవ్వుతూ వచ్చాడు. "ఎలా ఉంది మేడమ్?"

"వెనక భాగం ఏదండీ?"

"మీ తమ్ముడుగారు కోయించిన రోజే ట్రాలీలో పట్టుకెళ్లారు కదండీ." నా మొహం చూసి కంగారుపడ్డాడు. "మీకు తెలుసనుకున్నానే. అందమంతా ముందు సగంలోనే ఉందని మీరే కదండీ చెప్పింది?"

ఆయన్ని ఏమనగలను? నేను అన్న మాటే అది. ఆ బోర్డు సంగతి మాత్రం అడిగాను. జమీందారుగారిదంటే జనం ఆగి చూస్తారండీ, రైతుదంటే ఎవరు చూస్తారు అన్నాడు.

అక్కణ్ణుంచి తిన్నగా తోటకి వెళ్లాను. వ్యాపారి మనుషులు కాయలు కోసి తట్టల్లో దించుతున్నారు. తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"కోస్తారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి కాపని ఎందుకన్నావురా?"

"కోస్తారంటే ఇవ్వనిచ్చేదానివా?"

"చచ్చినా ఇవ్వనిచ్చేదాన్ని కాదు."

"అందుకే అన్నాను."

హోటల్ ముందు మామిడికాయల కొట్టు పెట్టుకోవడానికి వాడికి చోటు ఇస్తామన్నారట. దారిన పోయే కార్లన్నీ అక్కడ ఆగుతాయి. ఏటా కాపు మొత్తం వ్యాపారి చేతిలో పెట్టి, వాడు చెప్పిన రేటుకి తలూపే బాధ కొంతైనా తప్పుతుందన్నాడు. ఆ బాధ అబద్ధమని నేననను. కానీ ఆ మాట నాతో ముందే అనొచ్చు కదా. కూర్చుని వినేదాన్ని. కొట్టు కోసం వేరే దారి ఆలోచించేవాళ్లం.

"నువ్వు చూసే బండి పుస్తకాల్లో ఉందక్కా. తోటలో ఉన్నది ఇనుము" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, పెద్ద న్యాయం చెబుతున్నట్టు ఇంకో మాట అన్నాడు. "నాన్న బండి మీద ముందు కూర్చున్నది నేను, వెనక కూర్చున్నది నువ్వు. నా సగం నేనిచ్చాను. నీ సగం నీకు ఉంచాను. షెడ్డులో ఉంది, చూసుకో."

అంటే కోసేటప్పుడు పక్కనే నిలబడి, ఈ మాట కూడా సిద్ధం చేసుకున్నాడన్నమాట. రంపం ఆడుతుంటే వాడు ఎటు చూశాడో నేను అడగలేదు. ఇప్పటికీ అడగాలని లేదు.

షెడ్డులో పట్టా కింద వెనక సగం ఉంది. సీటు, వెనక చక్రం, రెండు పక్కలా పొగగొట్టాల చివరలు, సీటు మధ్యలో నేను పట్టుకునే పట్టీ. ఇంజను వేరే గోనెసంచిలో కట్టి పెట్టారు. కోసిన చోట ఇనప గొట్టాల్లోకి తొంగి చూశాను. లోపల పొట్టంత తుప్పు కూడా లేదు. కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. కొన్ని తరాలు తిరగగల ఇనుము. దాని మీద చెయ్యి వేస్తే రంపపు పొడి వేళ్లకి అంటింది.

చివరి కాయ కోతయ్యాక వ్యాపారి గుడిసె పీక్కుని వెళ్లిపోయాడు. ఎప్పటిలాగే ఒక్క కొమ్మా విరగలేదు. ఆ వారంలోనే నా సగాన్ని ట్రాలీ ఆటోలో నూజివీడు తెచ్చుకున్నాను. వరండాలో గోడకి ఆనించి పెట్టాను. మా ఆయన చెప్పులు విడిచే చోటు పక్కకి జరిపారు.

చివరగా, ఆ బండి నడిచిన కాలంలో సాయపడినవాళ్లకి నమస్కారం చెప్పుకోవాలి. పేర్లు రాయనుగానీ, ఎవరి సంగతో వాళ్లకి తెలుస్తుంది. తాళం వేసే వేళయినా ఇంకో పేజీ చదవనిచ్చిన లైబ్రేరియన్ గారికి. ఎవరు చదువుతారో తెలియకుండానే ఆ పుస్తకాలు ఇచ్చిపోయిన ఇంజినీరు గారికి. నా ప్రశ్నలకి విసుక్కుంటూనే ఒక్కటీ దాచకుండా చెప్పిన మిస్త్రీకి. నేను పడ్డప్పుడల్లా ముందు నవ్వి, తర్వాత లేపిన మా తోట ఆడవాళ్లకి. చెప్పుల చోటు జరిపిన మా ఆయనకి.

ఇంకొకడు ఉన్నాడు. ట్యాంకులో గులకరాళ్లు వేసి దుప్పటి రెండో కొస పట్టుకున్నవాడు, నీలం పొగలో దగ్గుతూ నన్ను తోసినవాడు. ఆ దుప్పటి కొస పట్టుకున్నందుకు వాడికి నా కృతజ్ఞతలు. అంతవరకే.