గులాబీలైన పెళ్లి గౌను

మా బులవాయో పేటలో పెళ్లి గౌన్లంటే దర్జీ మాండ్లోవు చేతి కుట్టే. మా పేట పిల్ల సిబొనిలేకు పెళ్లి కుదిరినప్పుడు, అంతా అమ్మమ్మ కాలంలోలాగే జరగాలని, ఆవిడ గౌనులాంటిదే కుట్టించుకోవాలని ముచ్చటపడింది. ఆ గౌనుకు గుడ్డ కత్తిరించే కాగితపు నమూనాలు మాండ్లోవు తల్లి గీసినవి. మాండ్లోవు వాటిని అలమారలో భద్రంగా దాచింది.

పెళ్లికూతురి టీ విందుకు కాగితపు గులాబీలు చేసే పని నాది. “మిషను కింద పాత కాగితాలున్నాయి, తీసుకుపో” అంది మాండ్లోవు. నేను అలమారలోని కట్ట పట్టుకుపోయాను.

విందులో మాండ్లోవు తన పువ్వు విప్పి చూసింది. రేకు మీద తల్లి పెన్సిలు రాత: ‘ఎడమ చెయ్యి’.

“ఇది చేసిన మహాతల్లి ఎవరు?”

నేను కేకు వైపు చూశాను. సిబొనిలే ఏడుపు మొదలెట్టింది.

“ఏడుపు తర్వాత! అందరూ పూలు విప్పండమ్మా!” అంది మాండ్లోవు.

టీలు చల్లారిపోయాయి. ఆడవాళ్లంతా రేకులు పరిచి, అతికిస్తూ, తమ పెళ్లి గౌన్లు తలుచుకున్నారు. చివరికి చంక దగ్గరి ముక్క ఒక్కటి దొరకలేదు.

“పోనీలే,” అంది మాండ్లోవు సిబొనిలేతో, “అక్కడ ఎలాగూ గుడ్డ కలపాలి. మీ అమ్మమ్మ చేతులు సన్నం, నీవి కావు తల్లీ!”

సిబొనిలే ఫక్కున నవ్వింది. ఆ గుడ్డ కొనుక్కొచ్చే పని నాకు పడింది.