రాలిన ఆకులు

కూలికి వచ్చిన ఎడారి దేశంలో స్టేడియాలు లేస్తున్న రోజులవి. మెసైమీర్‌లో కూలీల క్యాంప్‌కు పోయే బస్సు కోసం నిలబడ్డాను. పక్కనున్న నేపాలీ మనిషి వేపచెట్టు కింద ఎండాకులు ఏరి కుప్పపోస్తున్నాడు.

"ఊడ్వనీకి మనుషులున్నరు గద భాయ్, నీకెందుకు?" అన్నాను నాకొచ్చిన హిందీలో.

"అలవాటు," అన్నాడు. "మా కొండల్లో రాలిన పైన్ ఆకులు ఊడ్చి పశువుల కింద పరిచేటోళ్లం. ఇప్పుడు ఊడ్చేటోళ్లు లేరు, వానలు లేవు. మొన్న అడివి అంటుకుంటే మంట మా ఇంటిదాకా వచ్చింది."

"మరి ఊళ్లె మొగోళ్లు ఏమైన్రు?"

అతను అప్పుడే వచ్చి ఆగిన బస్సు వైపు గడ్డంతో చూపించాడు. కిటికీల నిండా వాళ్ల కొండల మనుషులే. ఆకుల కుప్ప మీద రాయి పెట్టి ఎక్కాడు.

ఆ వారం ఇంటికి ఫోన్ చేసి, మా పొలం కాలువలో పూడిక ఎవరు తీస్తున్నారని అడిగాను.

"ఎవరున్నరు?" అంది నా భార్య.