మాస్టారి నోట్లో రొయ్యల ముద్ద

ఒకే ఒక్క ఫోటోతో ఒక పచ్చళ్ళ కొట్టు మూతపడేదాకా తెచ్చి, నలభై ఏళ్ళ కాపురంలో చిచ్చు పెట్టి, నడిబజారులో పిన్ని చేత చీవాట్లు తిన్న ఘనత నాది. ఇంత పని ఒక్క పూటలో చేసినవాళ్ళు మన కృష్ణా జిల్లాలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.

మా నాగమణి పిన్నికి కంకిపాడు బస్టాండు పక్కన చిన్న పచ్చళ్ళ కొట్టు ఉంది. బందరు వైపు చేపలు పట్టేవాళ్ళ ఇంటి ఆడపిల్ల కదా, ఆవిడ రొయ్యల పచ్చడి కలుపుతుంటే బస్సెక్కి కూర్చున్నవాళ్ళు కూడా దిగి వచ్చేవారు. కొట్టున్న అద్దె షట్టరు, పైన మేడ, రెండూ రాజ్యలక్ష్మి గారివి. ఆవిడా, భర్త కోటేశ్వరరావు గారూ ఆ మేడ మీదే ఉంటారు; ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. బస్సు దిగిన ప్రతివాళ్ళ కంట్లో పడే చోటది. అది పోతే పిన్ని మళ్ళీ మొదట్లోలాగా గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరగాల్సిందే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, నేనైతే అప్పుడు పెట్టుకోలేదు.

నేను డిగ్రీ ముగించి, బెజవాడలో పదిహేను రోజుల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు వెలగబెట్టి, ఇసకని కూడా అమ్మగలనన్న ధీమాలో ఉన్న రోజులవి.

"పిన్నీ, నీ కొట్టుకి ఇన్‌స్టాలో పేజీ లేదా?" అన్నాను జాలిగా.

"పేజీ ఎందుకే, షట్టరుందిగా?"

"జనం షట్టర్లు చూడటం మానేశారు పిన్నీ. ఫోన్లు చూస్తున్నారు."

"సర్లే, ఏం చేస్తావో చెయ్యి. గరిటె మాత్రం ముట్టుకోకు."

రోజుకో చిన్న పోస్టు పెట్టాలి, అందులో మనిషి మొహం కనపడాలి, ఇది మా కోర్సు సారు చెప్పిన మంత్రం. రోజూ ఎవరు పెడతారండీ? వినాయక చవితి వెళ్ళిన వారంలోనే కొట్టులో కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ ఫోటోలు తీసి, రెండు నెలలకి సరిపడా పోస్టులు తయారుచేసి, ఏ రోజుది ఆ రోజు దానంతటదే పడేలా ఫోనుకి అప్పజెప్పేశాను. నా తెలివికి నాకే ముద్దొచ్చింది. ఇక రోజూ తిని పడుకోవడమే నా ఉద్యోగం.

ఆ ఫోటోల్లో మాస్టారిది ఒకటి. వేడన్నంలో కొత్త పచ్చడి కలిపి వచ్చినవాళ్ళకి ఒక ముద్ద రుచి చూపించడం పిన్ని అలవాటు. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకున్నారు కాబట్టి, తియ్యనా అని అడిగే అవసరం నాకు కనపడలేదు. దాని కింద ఇలా రాశాను: "ఇప్పుడే! ఈ నిమిషమే! మన మాస్టారు గారు రొయ్యల పచ్చడితో స్వర్గంలో ఉన్నారు! మరి మీరు?"

దీపావళి వెళ్ళింది, కార్తీకం వచ్చింది. పిన్ని రొయ్యల జాడీలు వెనక్కి నెట్టి, ఉసిరికాయ పచ్చడి ముందుకు తెచ్చింది. జాడీలకి తెలిసిన సంగతి నా ఫోనుకి తెలియదు కదా! మొదటి కార్తీక సోమవారం, ఊళ్ళో సగం మంది ఉపవాసంతో సాయంత్రం చుక్కల కోసం ఎదురుచూస్తున్న రోజు, పదకొండు గంటలకి మాస్టారు రొయ్యల ముద్దతో సహా ప్రపంచానికి దర్శనమిచ్చారు.

పావుగంటలో మెట్ల మీద దడదడ. ముందు రాజ్యలక్ష్మి గారు, చేతిలో ఫోను. వెనక మాస్టారు, నుదుటిన విభూతి.

"ఏంటి నాగమణీ ఇది? మా భజన గ్రూపంతా తిరుగుతోంది! సోమవారం పూట, ఉపవాసంలో ఉన్న మనిషికి నీసు పెడతావా?"

"అమ్మతోడండీ, నాకేం తెలీదు!" అంటూ పిన్ని నా వైపు తిరిగింది. "నీ దుంప తెగ, ఏం చేశావే?"

"రాజ్యం, నామీద ఒట్టు! పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు," అన్నారు మాస్టారు.

"మరి ఆ నోట్లో ఉన్నదేంటండీ? తీర్థమా?"

ఆవిడ పిన్ని వైపు తిరిగి, "నెలాఖరుకి షట్టరు ఖాళీ చేసెయ్," అనేశారు. పిన్ని మొహం పాలిపోయింది. గంప మోస్తున్న పిన్నీ, వెనక సిగ్గుతో తలొంచుకుని నడుస్తున్న నేనూ నా కళ్ళ ముందు కదిలాం.

అప్పుడు మెరిసిందండీ నా బుర్ర.

"ఆంటీ! ఇది ఈ రోజుది కాదు. పాత ఫోటో! మాస్టారు నిప్పు! కావాలంటే నా ఫోనులో తీసిన తేదీ ఉంది, చూడండి!"

"భేష్! చూపించమ్మా, చూపించు!" అన్నారు మాస్టారు, ఛాతీ విరిచి.

చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. మాస్టారు కూడా తొంగిచూశారు. విరిచిన ఛాతీ చప్పున దిగిపోయింది.

"చవితి వెళ్ళిన నాలుగో రోజు. బెజవాడలో బీపీ డాక్టరు దగ్గరికెళ్ళి, 'ఈ జన్మకి ఇక పచ్చళ్ళు లేవు రాజ్యం' అంటూ మొహం వేలాడేసుకుని మెట్లెక్కారే, ఆ రోజు కదండీ ఇది?"

"బస్సు ఇక్కడే ఆగుతుంది కదా..." అని నీళ్ళు నమిలారు మాస్టారు.

"ఆయన తినలేనిది నేనెలా తినను అని, ఆ రోజు నుంచి నేనూ పచ్చడి మానేశాను నాగమణీ! రెండు నెలలయింది! నాలుక చచ్చిపోయింది!"

పిన్ని భయంభయంగా, "మరి షట్టరు..." అంది.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. నువ్వు ఇక్కణ్ణుంచి పోతే ఈయన ఏ ఊళ్ళో తింటున్నారో నాకెలా తెలుస్తుంది? అమ్మాయ్, నువ్వు రోజూ ఫోటోలు పెడుతూనే ఉండు. నేను చూస్తుంటాను."

మాస్టారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కలలోకొస్తుంది. రాజ్యలక్ష్మి గారు రెండు మెట్లెక్కి, వెనక్కి తిరిగి, "నాగమణీ, కార్తీకం వెళ్ళిన మర్నాడు నాకో కిలో రొయ్యల పచ్చడి పంపించు. ఈయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తినాలి," అన్నారు.

కాబట్టి మహాశయులారా, కృష్ణమ్మ సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: నోట్లో ముద్దున్న ఏ మగవాణ్ణీ, పక్కన వాళ్ళావిడ లేకుండా, ఈ జన్మలో ఫోటో తియ్యను.