రికార్డుకి తల్లీ, అమ్మమ్మా

లూషియస్ పెటిఫర్డ్ కొట్లో రికార్డు కొనాలంటే ముందు దాని తల్లినీ అమ్మమ్మనీ వినాలి. వినకపోతే అమ్మడు. కాన్సస్ సిటీ పద్దెనిమిదో వీధిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అయినా రోజూ ఎవరో ఒకరు తొందరలో మరిచిపోయి లోపలికి వచ్చేవారు. వాళ్ల మొహాలు చూడలేక చెల్లెలు ఒడెస్సా కౌంటరు వెనక తల పట్టుకునేది.

"రేడియోలో వస్తోందే, ఆ కొత్త రాక్ అండ్ రోల్ పాట, అదివ్వండి," అంది ఒకరోజు నర్సు వెర్నీస్. "బస్సుకి పది నిమిషాలే ఉంది."

"కూర్చోమ్మా," అన్నాడు లూషియస్.

"కూర్చోకు," అంది ఒడెస్సా.

వెర్నీస్ కూర్చుంది. లూషియస్ మొదట 1938 నాటి స్వింగ్ డాన్సు పాట రికార్డు పెట్టాడు. "ఇది అమ్మమ్మ. పదహారు మందితో బస్సెక్కి ఊళ్లేలింది. యుద్ధంలో పెట్రోలుకి కరువొచ్చింది, బస్సు ఆగింది. అప్పుడు అమ్మ ఏడుగురితో ఒక్క కారులో సర్దుకుంది." రెండో రికార్డు తిప్పాడు. "దీన్నే జంప్ బ్లూస్ అన్నారు. ఏడుగురే, కానీ పదహారు మంది పెట్టు మోగాలి. అందుకే పాడేవాడు అరిచాడు, శాక్సఫోన్ బొంగురుగా బుసకొట్టింది. ఆ శాక్సఫోన్ విను. విన్నావా?"

వీధి చివర మంగలి షాపుకి కూడా వినిపించేంత గట్టిగా చెప్పేవాడు. ఆ తర్వాతే మూడోది, అడిగిన పాట. "వీడు మనవడు. గిటారు పట్టుకుని ముందు నిలబడ్డాడు, డ్రమ్ము ఇంకాస్త బాదాడు. నడక మాత్రం వాళ్లమ్మదే. తానే కనిపెట్టానంటాడు, వెధవ."

వెర్నీస్ బస్సు వెళ్లిపోయింది. తర్వాత ఆమె మూడు వీధుల అవతల తెరిచిన కొత్త కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ రికార్డు అడిగితే రికార్డే ఇస్తారు.

"అన్నయ్యా, ఉన్న నలుగురూ పోతున్నారు," అంది ఒడెస్సా.

"వంశం తెలియకుండా పాట ఎలా కొంటారే?"

"వాళ్లు సంబంధం చూసుకోవడానికి రాలేదు. పాట కొనుక్కోడానికొచ్చారు. ఈ నెలాఖరుదాకా చూస్తా. తర్వాత లాండ్రీలో పనికి పోతా. అక్కడ చొక్కాలకి తాతముత్తాతలుండరు."

కొట్టు వెనక గదిలో, పరదా చాటున, హెజకాయా మూన్ పాడైన గ్రామఫోన్లు బాగుచేస్తుండేవాడు. ఒకప్పుడు లూషియస్ ట్రాంబోన్ వాయించిన బ్యాండులోనే అతను శాక్సఫోన్ వాయించాడు. బ్యాండు చెదిరిపోయాక వాయిద్యాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఎంత గోలైనా పరదా దాటి వచ్చేవాడు కాదు. ఈయనకి చెవులెలా నిలిచాయో అని ఒడెస్సా జాలిపడేది.

నెలాఖరుకి వారం ముందు ఆర్విల్ బాగ్స్ అనే కుర్ర గిటారిస్టు వచ్చాడు. శనివారం మధ్యాహ్నం డాన్సు ఉంది, కొత్త పాట నేర్చుకోవాలి. పైగా అతని శాక్సఫోన్ వాడు అలిగి మానేశాడు. లూషియస్ కుర్చీ చూపించాడు. ఒడెస్సా కళ్లు మూసుకుంది.

అయితే ఆర్విల్ రెండో రికార్డు దగ్గర లేచి నిలబడ్డాడు. "ఆ ముక్క మళ్లీ పెట్టండి." మళ్లీ పెట్టారు. మూడోది కూడా విన్నాడు. "ఇదీ అదీ ఒకటే ఊదుడు. ఆ రెండో రికార్డులో ఊదినాయన ఎవరండీ? ఉన్నాడా, పోయాడా?"

ఇలా అడిగినవాడు ఇంతవరకూ లేడు. ఒడెస్సా పరదా లాగింది.

"ఉన్నాడు. ఇదిగో, స్క్రూలు తిప్పుకుంటున్నాడు."

"మా కాలం అయిపోయింది బాబూ," అన్నాడు హెజకాయా.

"నేను శనివారం వాయించాల్సింది మీ ముక్కే కదండీ. అయిపోవడమేంటి?"

హెజకాయా చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. పెట్టె తెరిచి శాక్సఫోన్ తీసి, నోట పెట్టుకునే రీడు తడిపాడు. మొదటి ఊదు గేదె దగ్గులా వచ్చింది. మూడోదానికి కిటికీ అద్దాలు అదిరాయి.

ఆర్విల్ సంతోషంగా వెళ్లాక ఒడెస్సాకి అసలు సంగతి హెజకాయానే చెప్పాడు. "ఏడాదిన్నర క్రితం మీ అన్నయ్యతో అన్నానమ్మా, నా వాయింపు ఎవరికీ అక్కర్లేదని. మర్నాటి నుంచే ఈ ఉపన్యాసం మొదలైంది. కొనేవాళ్లకి కాదు, పరదా ఇవతల నాకే చెబుతున్నాడని వారంలో తెలిసిపోయింది."

"తెలిసి ఏడాదిన్నర ఊరుకున్నారా?"

"రోజుకి పదిసార్లు నన్ను పొగుడుతుంటే ఆపమని ఎలా అంటానమ్మా?"

ఒడెస్సా నేరుగా అన్న దగ్గరికి వెళ్లింది. "ఆ మాటేదో ఆయన మొహం మీదే చెప్పొచ్చుగా?"

"చెబితే సిగ్గుపడి ఇంటికెళ్లిపోతాడు," అన్నాడు లూషియస్ రికార్డు తుడుస్తూ.

"మరి కొట్టుకొచ్చినవాళ్లో?"

"వాళ్లకేం, కుర్చీ వేశాంగా."

శనివారం హాలు కిక్కిరిసింది. హెజకాయా మెడ నరాలు ఉబ్బేలా ఊదుతుంటే కుర్రకారు నేల అదరగొట్టారు. లూషియస్ పక్కవాడి భుజం తట్టి "ఇది ఎక్కడిదో తెలుసా" అని మొదలుపెట్టబోయాడు. ఒడెస్సా చెయ్యి పట్టి మధ్యలోకి లాక్కుపోయింది. "నోరు కాదు, కాళ్లు కదుపు."

కదిపాడు. 1938లో వేసిన అడుగులే వేశాడు. కాసేపటికి చుట్టూ పిల్లలు ఆగి చూడసాగారు. ఒకమ్మాయి దగ్గరికొచ్చి ఆత్రంగా అడిగింది, "తాతగారూ, ఈ కొత్త స్టెప్పు ఎక్కడ నేర్చుకున్నారు?"

లూషియస్ ఊపిరి బాగా పీల్చుకున్నాడు. ఒడెస్సా చప్పున అతని నోరు మూసింది.