నేను దాటిపోయిన ఇస్తారాకు

మా చిన్నబాపు, అదే మా బాబాయి, పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను దేవరుప్పులలో దేవుని ముందు దీపం పెడుతున్నాను. వత్తి చేతిలోనే ఉండిపోయింది. ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఒక ఇస్తారాకు.

తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు చేస్తున్న రోజులవి. నేను మానుకోట దగ్గర మా తల్లిగారింట్లో ఉన్నాను. ఆ ఉదయం మామూలుగానే తెల్లారింది. అమ్మ వాకిట్లో చల్లిన సాన్పు ఇంకా ఆరలేదు. చిన్నబాపు మోదుగాకుల మోపు తెచ్చి అరుగు మీద దించాడు. మా పెద్ద చెరువు చుట్టూ ఉన్న అభయారణ్యంలో ఆయన వాచర్. "లేతాకు తెంపలే బిడ్డా, ముదురాకే తెచ్చిన" అన్నాడు. చీపురుపుల్లలు విరుస్తూ నేను ఆ ఆకులన్నీ మధ్యాహ్నం వంటావార్పుకు ఇస్తారాకులుగా కుట్టాను.

ఆయనకు ఊరితో ఒకటే పేచీ. చెరువు పక్క చేన్లున్నవాళ్లు చివర పది అడుగులు దున్నకుండా వదలాలనేవాడు. "గడ్డి ఉంటె జింకైనా పందైనా ఆడ్నే ఆగుతది. దున్నితె మన చేన్లకే అస్తది." ఆ వారమే మా తమ్ముడి నాగలిని గట్టు దగ్గర ఆపాడు.

మధ్యాహ్నం రోడ్డు మీద భోజనాల బంతి కూర్చుంది. చిన్నబాపు వచ్చి చివర కూర్చున్నాడు. నేను అన్నం వడ్డిస్తున్నాను.

"సర్కారు మనిషికి మన బువ్వెందుకే అక్కా? జింకలనడుగుమను, పెడ్తయి" అన్నాడు తమ్ముడు.

నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు. కానీ గిన్నె ఎత్తుకొని ఆయన ఇస్తారాకు దాటిపోయాను.

ఆయన ఖాళీ ఆకును మడిచి చంకన పెట్టుకొని చెరువు వైపు నడిచాడు.

తమ్ముడు చివరిదాకా దున్నాడు. ఆ పంటకే అడవిపందులు మా మక్కచేను పడగొట్టాయి. తెల్లారి మొదట వచ్చింది చిన్నబాపే. పడిన చేను అడుగులతో కొలిచి, దరఖాస్తు రాయించి, నష్టపరిహారం వచ్చేదాకా ఆఫీసుకు తిరిగాడు. "జర ఓపిక పట్టుండ్రి" అనడమే తప్ప, "నేను చెప్పలేదా" అనలేదు. అని ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు. మేమేమో ఆ పది అడుగులూ ఏటా దున్నుతూనే ఉన్నాం. రోజూ దేవునికి నైవేద్యం పెట్టే నేను, ఆయనను ఒక్కసారైనా క్షమించమని అడగలేదు.

ఆయన పోయిన మూడో రోజు, ఆయన పేరున పిట్టకు పెట్టాం. మోదుగ ఇస్తారాకులో అన్నం, ఆయనకిష్టమైన పచ్చిపులుసు. కాకులు పైన తిరిగాయి. ఒక్కటీ ముట్టలేదు.

"మనసుల ఏదో పెట్టుకొని పోయిండు. ఏందో అడుగుండ్రి" అన్నది మేనత్త.

"ఆనాడు బంతిల ఆయనకు బువ్వ పెట్టకుంట దాటిపోయిన. తప్పు నాదే" అన్నాను.

తమ్ముడు తల వంచుకున్నాడు. "నాది గాదా అక్కా?"

అప్పటికీ పిట్ట రాలేదు. పొద్దు వాలింది.

ఆ సాయంత్రం అక్కడే కూర్చొని ఇంటివాళ్లమంతా మాట్లాడుకున్నాం. చెరువు పక్కన పది అడుగులు ఇక దున్నవద్దని, పిట్ట ముట్టని ఆ ఇస్తారాకును అన్నంతో సహా ఆ గట్టు మీద పెట్టి రావాలని, దాన్ని నేనే మోసుకుపోవాలని అనుకున్నాం.