సాయంత్రం లెక్కలో తగ్గిన మనిషి

కడప పక్కన జైల్లో నేను వార్డర్‌ని. "మీ జైలు నుంచి ఎవరైనా పారిపోయారా?" అని పెళ్లిళ్లలో ఆశగా అడిగేవాళ్లకు నా జవాబు రుచించదు. నిచ్చెనలకు గొలుసేసి తాళం బిగించామా, కిటికీ చువ్వలను లాఠీతో తట్టి చప్పుడు విన్నామా, మనుషులను లెక్కపెట్టి లోపలికి పంపామా, అంతే మా పని. ఏమీ జరగని రోజే మాకు మంచి రోజు. ఆ లెక్కన నా ఉద్యోగం చల్లగానే సాగుతోంది.

ఒక్క సాయంత్రం మాత్రం అలా సాగలేదు. నడి ఎండాకాలం. లెక్కలో ఒక మనిషి తగ్గాడు. జైలు మగ్గాల మీద చీరలు నేసే పెద్దాయన. త్వరలో విడుదల కావాల్సినవాడు. జమ్మలమడుగు దగ్గర ఆయన భార్య ఎదురుచూస్తోంది. మగ్గాల షెడ్డు ఖాళీ అని చెప్పి తోటి వార్డర్ అప్పటికే తాళం వేసి వచ్చాడు.

జైలర్ గంట కొట్టమన్నాడు. గంట మోగితే పరారీ కేసే, పెద్దాయన విడుదల గాలికి పోయినట్టే.

"ఒక్క నిమిషం సార్, షెడ్డు ఇంగోసారి చూసొస్తా" అన్నాను.

"గోడ దూకినోడు నీకోసం ఆడ కూర్చోనుంటాడా అప్పా? పో, బిరీన రా!" అని కసిరాడు.

మాది నేత ఇల్లు. మగ్గం ముందు కాళ్లు పెట్టుకునే గుంత ఉంటుంది. ఎండ మండే రోజుల్లో మా నాయన అందులోకి దిగి, ముడుచుకుని కునుకు తీసేవాడు. ఆ మట్టి చల్లదనానికి ఏ ఫ్యానూ సాటిరాదు.

తాళం తీసి, టార్చి వేసి ఒక్కో గుంతలోకీ తొంగిచూశాను. చివరి మగ్గం గుంతలో పెద్దాయన హాయిగా గుర్రుపెడుతున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. సంతోషం, కోపం ఒకేసారి పొంగుకొచ్చాయి.

"ఏమప్పా, ఈడ పండుకోనుండావా! నీకోసం గంట కొట్టబోతాండారు!" అని భుజం కుదిపాను.

ఆయన కళ్లు తెరవలేదు.

"ఉండుమే, లేస్తాండా. శానా దప్పికగా ఉండాది, కడవలో నీళ్లుంటే ఇయ్యి" అన్నాడు.

'మే' అని మా వైపు పెళ్లాన్ని పిలుస్తారు. నా కోపమంతా దిగిపోయింది. అంతమందిమి కాపలా ఉండగానే మనిషి ఇంటికి పోయి ఉన్నాడు. వాకిట్లోకి వచ్చి, దొరికాడని జైలర్‌కు కేకేశాను. గంట మోగలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టుకుని, ఇంకాసేపు ఆగి, అప్పుడు లేపాను.