స్పిరిటు దీపాలకి మొక్కజొన్న

ఎనభైల మొదట్లో అమలాపురం దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ ట్యూటరుగా ఉండేవాణ్ణి. ఒక ఏడాది ప్రాక్టికల్ పరీక్షలు మూడు వారాలున్నాయనగా మా లాబ్‌లో స్పిరిటు నిండుకుంది. పర్మిట్ కాగితం కాకినాడలో ఎవరి టేబుల్ మీదో విశ్రాంతి తీసుకుంటోంది. కిరసనాయిలు దీపాలు పెట్టి చూశాం. ఆ పొగమంటలో ఏ లవణం వేసినా పసుపు రంగే. మంట రంగు చూసి లవణం పేరు చెప్పడం మా పరీక్షలో పెద్ద భాగం. పిల్లలు గట్టెక్కాలంటే స్పిరిటు కావాల్సిందే.

"మనమే తయారుచేద్దామండి," అన్నారు మా హెడ్డుగారు. "గోదావరి లంకల్లో మొక్కజొన్న బాగా పండింది కదా."

ఎక్సైజు వాళ్ల ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. నేను రెండు కుంచాల గింజలు మర పట్టించి, ఉడకబెట్టి, పిండి చక్కెరగా మారడానికి మొలకెత్తిన చోళ్ల (రాగుల) పొడి కలిపి, బేకరీ నుంచి తెచ్చిన ఈస్టు వేశాను. నాలుగో రోజుకి తొట్టి నిండా తొక్కలు, పైన నూనె తెట్టు. బట్టీ పెట్టి ఆవిరి పడితే అరగ్లాసు దిగింది. అగ్గిపుల్ల చూపిస్తే పుల్లే ఆరిపోయింది.

"ఫైరింజనుకి పనికొస్తుందండి," అన్నారు హెడ్డుగారు.

ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో తాగుబోతుల కోసం ప్రార్థన చేసే మనిషి.

"తాగడానికా?"

"దీపాలకేనమ్మా."

"అయితే సరే. గింజల తొక్క తీసేవా?"

"లేదు."

"ఎమ్మెస్సీ చదివి ఊకతో అన్నం వండేవంట్రా!"

గింజలో స్పిరిటుగా మారేది తెల్లటి పిండి ఒక్కటే. తొక్క పులవదు, గింజ అడుగున ఉండే మొలక భాగంలో ఉన్నది నూనె. ఈ సంగతి ఆ నెలలోనే క్లాసులో నేను బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

మర్నాడు అమ్మ కొత్త గింజల మీద నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పి, కాసేపాగి రోట్లో పోసింది. "మెల్లిగా దంపు. తొక్కూడాలి గానీ గింజ పిండవకూడదు," అంది. తర్వాత చేట అందుకుంది. నాలుగు చెరుగులకి తేలికపాటి తొక్కలూ మొలకలూ చేట అంచు దాటిపోయాయి, బరువైన తెల్ల నూకలు వెనక నిలిచాయి. నేను చెరిగితే మూడూ కలిసికట్టుగా నా కాళ్ల మీద పడ్డాయి. తొక్కా మొలకా మా గేదెకి వెళ్లాయి. ఆ వారం ఇంట్లో నాకన్నా దానికే మర్యాద ఎక్కువ జరిగింది.

ఈసారి నూకలు మాత్రమే పులియబెట్టాం. తొక్కలు ఆక్రమించిన చోటంతా పిండే కావడంతో అదే తొట్టి రెండు సీసాల సరుకిచ్చింది. మూడుసార్లు బట్టీ పెట్టాక వత్తి ముట్టించాం. ఉందో లేదో తెలియనంత పల్చటి నీలి మంట. హెడ్డుగారు తీగ కొసన రాగి లవణం అద్ది అందులో పెట్టారు. ఆకుపచ్చగా వెలిగింది.

"ఆయ్, కనపడతందండి," అన్నారాయన, గొంతు తగ్గించి.

పరీక్ష రోజున బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు వరసగా వెలుగుతున్న దీపాలు చూసి ఆగిపోయారు.

"మా కాలేజీకింకా పర్మిట్టే రాలేదండి. మీకు స్పిరిటెక్కడిదండి?"

"మొక్కజొన్నదండి."

"మాక్కూడా ఓ సీసా చేయించి పెడతారేంటండి?"

హెడ్డుగారు నా వైపు చూశారు. "సీసాదేవుందండి. చెరగడానికి వీరి అమ్మగారిని అడగాలండి."

అప్పటికే వెనక బల్ల దగ్గర ఒకమ్మాయి ఆకుపచ్చ మంట చూసి, రాగి అని రాసేసుకుంటోంది.